మూడు కిలోవాట్ల సోలార్, మూడేళ్ల వాడకం: ప్యానెళ్లకు ఏమీ కాలేదు, జాయింట్లే చూసుకోవాలి

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో డాబా మీద ఉన్న సోలార్ సిస్టమ్ ఇది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీ కరెంటుగా మార్చి, కరెంటు లైనుతో కలిసి పనిచేసేది), లైను నుంచి తీసుకున్నదీ లైనుకు పంపినదీ రెండూ లెక్కేసే నెట్ మీటరు. బ్యాటరీ లేదు. మూడేళ్లలో ప్యానెల్ ఒక్కటీ పాడవలేదు. ఇబ్బంది పెట్టినవన్నీ చవక సామాన్లే.

బాగా విసిగించేది వానాకాలం పొద్దుటిపూట వచ్చే ఐసొలేషన్ ఫాల్ట్. రాత్రి వాన పడితే తెల్లారి ఇన్వర్టర్ పనిచేయదు, ఎండెక్కాక దానంతటదే మొదలవుతుంది. ఇన్వర్టర్ పోయిందని కంగారు పడొద్దు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైరులో ఎక్కడో తడి చేరి కరెంటు భూమిలోకి లీకవుతోందని పసిగట్టి అది ఆగుతోంది. ముందు ప్యానెళ్ల కింద ఎంసీ4 కనెక్టర్లు, అంటే ప్యానెళ్ల వైర్లను కలిపే జాయింట్లు, చూడండి. వైర్లు కట్టిన ప్లాస్టిక్ టైలు ఎండకు పెళుసెక్కి తెగితే కనెక్టర్ స్లాబు మీద పడి నీళ్లలో నానుతుంది. ఇంకో కారణం, వేర్వేరు కంపెనీల కనెక్టర్ ముక్కలు రెండు కలిపేయడం. పైకి బిగిసినట్టే ఉంటాయి, లోపల సీలు సరిగ్గా కూర్చోదు, వేడెక్కి కరుగుతాయి కూడా. ఒకే కంపెనీ జత, సరైన క్రింపింగ్ టూల్‌తో (వైరు కొసకు పిన్ను నొక్కి బిగించే పనిముట్టు) వేయించి, వైర్లను స్టీలు టైలతో ప్యానెళ్ల కింది లోహపు పట్టీకి కట్టిస్తే ఆ బాధ తీరుతుంది. అయితే సొంతంగా విప్పొద్దు. ఆరు ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటే దాదాపు 300 వోల్టుల డీసీ. ఐసొలేటర్ (డీసీ లైను తెంచే స్విచ్చి) ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల వైపు వోల్టేజీ ఉంటుంది. మెగ్గర్ (వైరు లీకేజీ కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ కూడా ఆగిపోతుంది, ఎంత ఎండ కాసినా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది, లోపం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా కుదిపిందో చూసినవాళ్లు మాత్రం, కరెంటు లేకున్నా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ సంగతి కొనేముందే తేల్చుకోవాలి. తర్వాత మార్చాలంటే ఖర్చు ఎక్కువ. తుపానుల కాలానికి ముందు, సెప్టెంబరులోనే, క్లాంపులూ స్లాబులోకి దిగిన యాంకర్ బోల్టులూ బిగించుకోండి. స్టాండు కోసిన చివర్లకు తుప్పు పడితే జింక్ పెయింట్ వేయాలి.

మే నెలలో ఎండ మండిపోతున్నా యూనిట్లు ఎందుకు పెరగవని అందరూ అడుగుతారు. ప్యానెళ్లకు వెలుగు కావాలి, వేడి కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఉత్పత్తి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే 14 శాతం పోయినట్టే. అందుకే ప్యానెళ్లకూ స్లాబుకూ మధ్య గాలి ఆడాలి. మబ్బులేని రోజున 12 యూనిట్లు దాటితే సిస్టమ్ బాగున్నట్టే. ముసురు పట్టినప్పుడు రెండు మూడే వస్తాయి.

బిల్లులో తేడా అనిపిస్తే నెట్ మీటరులో దిగుమతి, ఎగుమతి రీడింగులు రెండూ నెలకోసారి ఫోటో తీసి పెట్టుకోండి. సోలార్ ఉత్పత్తిలోంచి ఎగుమతి తీసేసి దిగుమతి కలిపితే ఇంటి అసలు వాడకం తేలుతుంది. బిల్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ చార్జీ తప్పదు.

ఎర్తింగ్ గుంతలు మూడు ఉండాలి: పిడుగు కడ్డీకి, ప్యానెళ్ల స్టాండుకు, ఇన్వర్టర్ నుంచి వచ్చే ఏసీ కరెంటు వైపుకు విడివిడిగా. ఒక్క గుంతలోనే మూడూ కలిపేస్తామంటే ఒప్పుకోకండి. వేసవిలో నేల ఎండిపోతే గుంతల్లో నీళ్లు పోస్తుండాలి. డీసీ బాక్సులో ఎస్‌పీడీ (పిడుగుల వల్ల వచ్చే అధిక వోల్టేజీని అడ్డుకునే పరికరం) కిటికీ పచ్చగా ఉందో లేదో పిడుగులు పడ్డ ప్రతిసారీ చూడండి. ఎర్రగా మారితే వెంటనే మార్చాలి.

కడగడం పొద్దున్నే, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు, మెత్తటి గుడ్డతో. బోరు నీళ్లు ఆరితే తెల్లటి చారలు పడతాయి, వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు.