మౌంజారో పెన్: ఏడాదికి పైగా వాడాక

మౌంజారో అంటే షుగర్‌కు, బరువు తగ్గడానికి వారానికోసారి పెన్‌తో పొడుచుకునే సూదిమందు. బరువు తగ్గిస్తుందా అంటే తగ్గిస్తుంది, అందులో వాదన లేదు. ఈ మందు మీద జరిగిన సర్మౌంట్-1 ట్రయల్‌లో వారానికి 15 మి.గ్రా. వాడినవాళ్లు 72 వారాల్లో సగటున ఐదో వంతు బరువు తగ్గారు. మన నల్లగొండ, పాలమూరు దిక్కు దీన్ని చెడగొట్టేవి ఎండ, తొందర.

ఎండ సంగతి ముందు. పెన్ 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడటం మొదలయ్యాక 30 డిగ్రీలు దాటనిచోట 30 రోజుల దాకా బయట ఉంచొచ్చు. అలాంటి చోటు మే నెలలో మన ఇండ్లల్ల ఎక్కడ దొరుకుతుంది? ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అదీ నడిమి అరలో. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్ కిందనే ఆనిస్తే గడ్డకడుతుంది. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. హైదరాబాద్ నుంచి బస్సులో తెస్తే థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, పెన్‌కు తగలకుండా మధ్యలో గుడ్డ మడత వేయాలి.

ప్రతిసారీ కొత్త సూది. పాతది పెన్‌కే ఉంచితే మందు కారుతుంది, గాలి చేరుతుంది. ముందు కొంచెం మందు బయటికి వదిలి చూసుకోవాలి. పొట్టలో గుచ్చాక బటన్ పూర్తిగా నొక్కి, ఐదు లెక్కపెట్టి తీయాలి. పెన్‌లోని నాలుగు డోసుల తర్వాత అడుగున కొంత మిగులుతుంది. దాన్ని సిరంజీతో లాగి ఐదో డోసు చేసుకునేవాళ్లున్నారు. పైసలు మిగిలినట్టే ఉంటుంది గానీ డోసు తప్పుతుంది, ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంది.

2.5 మి.గ్రా.తో నాలుగు వారాలు, తర్వాత 5. ఆ పైన పెంచినా ఒక్కో మెట్టుకు కనీసం నాలుగు వారాలు, 2.5 చొప్పునే. మొదటి నెల తూకం కదల్లేదని గాబరా పడొద్దు, అది కడుపును అలవాటు చేసే డోసు. తొందరపడి పెంచితే వాంతులు, ఎండాకాలంలో వాటి వెంట నీరసం, కిడ్నీలకు దెబ్బ. దావత్‌లో మటన్, బగారన్నం అలవాటుగా తిన్నంత తింటే ఆ రాత్రంతా తేన్పులే. మలబద్ధకం చాలామందికి తప్పదు. నీళ్లు, ఆకుకూరలు, అవసరమైతే ఇసబ్‌గోల్.

ఆకలి లేదని చాయ్, రెండు బిస్కెట్లతో పూట గడిపితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. గుడ్లు, పెసర్లు, పెరుగు, చికెన్ ముందు తిని, జొన్న రొట్టె తర్వాత తినాలి.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డాక్టర్‌తో వాటి డోసు తగ్గించుకోకపోతే లో షుగర్ వస్తుంది. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు వద్దు. వీపులోకి పాకే కడుపునొప్పి తగ్గకుంటే ప్యాంక్రియాస్ వాపేమో, సూది ఆపి దవాఖానకు పోవాలి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి, కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడల్లా నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి.

పెళ్లి దాకా వాడి ఆపేద్దామనుకునేవాళ్లకు నేనైతే వద్దనే అంటాను. 36 వారాలు వాడి ఆపినవాళ్లు తర్వాతి ఏడాదిలో సగటున 14 శాతం బరువు తిరిగి పెరిగినట్టు మరో ట్రయల్‌లో తేలింది.