శాంటా క్లారా వ్యాలీ వాననీటి ప్రోగ్రాం రివ్యూ: నా మార్కులు 5కి 4

రెస్టారెంట్లకీ ప్లంబర్లకీ రివ్యూలు రాస్తాం గానీ మనం పన్ను కట్టి నడిపించే సర్వీసుకి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నా. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో బే దక్షిణపు కొసన ఉన్న ఊళ్ళలో, అంటే సౌత్ బేలో, శాంటా క్లారా వ్యాలీ అర్బన్ రనాఫ్ పొల్యూషన్ ప్రివెన్షన్ ప్రోగ్రాం అని ఒకటుంది, ఊళ్ళ వాననీళ్ళతో మురికి బేలోకి పోకుండా చూడటం దీని పని, పేరు బారెడు, కొంతమందికి వాటర్‌షెడ్ వాచ్ అంటే గుర్తుపడతారేమో. 13 సిటీలూ టౌన్లూ, వాటితోపాటు శాంటా క్లారా కౌంటీ, కౌంటీకి నీళ్ళ సంగతి చూసే వ్యాలీ వాటర్ అనే సంస్థ, మొత్తం 15 కలిసి దీన్ని నడుపుతాయి. సన్నీవేల్, కూపర్టినో, మిల్పీటస్, శాన్ హోసే, శాంటా క్లారా, మౌంటెన్ వ్యూ ఇలా మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయి. గిల్‌రాయ్ అదే కౌంటీలో ఉన్నా ఇందులో లేదు, ఎందుకంటే అక్కడి నీళ్ళు దక్షిణంగా మాంటెరే బే వైపు పోతాయి. నీళ్ళు ఎటు పారతాయో చూసుకుని జట్టు కట్టారన్నమాట, నాకు ముందు నచ్చిందే అది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. ఇంట్లో సింక్ నీళ్ళు, బాత్రూం నీళ్ళు ట్రీట్‌మెంట్ ప్లాంట్‌కి పోతాయి. రోడ్డు అంచు గట్టు, అదే కర్బ్, దాని కింద కనపడే స్టార్మ్ డ్రెయిన్ వాననీళ్ళ కోసం వేసిన వేరే లైను, అందులో పడింది పడ్డట్టే క్రీక్‌లోకి, అంటే వాగులోకి, అక్కణ్ణుంచి బేలోకి పోతుంది. డ్రైవ్‌వేలో కారు కడిగిన సబ్బు నురగ, లాన్‌కి కొట్టిన మందు, గారెలు వేయించిన నూనె ఎవరూ చూడకుండా గరాజ్ పక్కన పారబోస్తే అదీ అంతే. హైదరాబాద్ నాలాల్లో వాననీరూ మురుగూ కలిసే పారతాయి కాబట్టి మనకి ఈ తేడా అలవాటు లేదు, ఇక్కడికొచ్చి కూడా అన్నీ ఒకటే కాలవ అనుకుంటాం.

ఇన్ని ఊళ్ళు కలవాల్సిన అవసరం ఏంటి అంటే స్టీవెన్స్ క్రీక్ చూడండి చాలు. కూపర్టినో దగ్గరి రిజర్వాయర్ దాటి లాస్ ఆల్టోస్, సన్నీవేల్, మౌంటెన్ వ్యూ మీదుగా షోర్‌లైన్ దగ్గర బేలో కలుస్తుంది. పై ఊళ్ళో ఎవరో పోసిన మందు కింద ఊళ్ళో చేపని చంపుతుంది, కింద ఊరు ఎన్ని డబ్బులు ఖర్చుపెట్టినా లాభం లేదు. అందుకే వాననీళ్ళని క్రీకుల్లోకీ బేలోకీ వదలడానికి 1990 నుంచి వీళ్ళందరికీ కలిపి ఒకటే పర్మిట్. 2009లో నీటి కాలుష్యాన్ని అదుపుచేసే ప్రభుత్వ సంస్థ వాటర్ బోర్డు దాన్ని ఇంకా పెద్దది చేసి బే ఏరియాలో 70కి పైగా ఊళ్ళనీ ఏజెన్సీలనీ ఒకే రీజనల్ పర్మిట్ కిందకి తెచ్చింది, 2015లో ఒకసారి, 2022లో ఇంకోసారి కొత్తగా రాశారు.

కాగితాల సంగతి అలా ఉంచి కంటికి కనపడే పని చెప్తా. వానాకాలం ముందు మా వీధిలో వ్యాక్యూమ్ ట్రక్కు వచ్చింది, డ్రెయిన్ మూత ఎత్తితే లోపల పైపు నోటికి అడ్డంగా చిల్లుల స్టీల్ జల్లెడ బిగించి ఉంది. రూల్ ఏంటంటే 5 మిల్లీమీటర్లకంటే పెద్దది ఏదీ దాటి పోకూడదు, ఏడాదికోసారి వచ్చేపాటి గట్టి వానని గంటసేపు తట్టుకోవాలి. దాని వెనక పేరుకున్నది చూస్తే కడుపులో తిప్పింది, నానిన ఆకుల్లో సిగరెట్ పీకలు, సాస్ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, టీ కప్పుల మూతలు, ఒక చిన్నపిల్లల చెప్పు. ఇవన్నీ ఆ జల్లెడ లేకపోతే బేలోకే. స్టార్మ్ డ్రెయిన్ల నుంచి పోయే చెత్త 2025 జూన్ 30కల్లా పూర్తిగా ఆపాలని పర్మిట్‌లో గడువు పెట్టారు, ఆ గడువు లేకపోతే ఇన్ని జల్లెడలు పడేవి కావని నా నమ్మకం.

షాపింగ్ సెంటర్ల పార్కింగ్ లాట్లలో రోడ్డుకంటే పల్లంగా మొక్కలు పెట్టిన గుంటలుంటాయి చూడండి, కర్బ్‌కి మధ్యమధ్యలో గండి కొట్టి ఉంటుంది. అవి అందం కోసం పెట్టినవనుకుని జనం తొక్కుకుంటూ పోతారు, కప్పులు పడేస్తారు. కార్ల కింద కారిన నూనె, టైర్ల పొడి వాననీళ్ళతో వచ్చి అక్కడ కనీసం 18 అంగుళాల ప్రత్యేకమైన మట్టిలోంచి వడకట్టుకుని దిగుతాయి. దయచేసి వాటిని తొక్కకండి, మట్టి గట్టిపడితే నీళ్ళు ఇంకవు.

కానీ నన్ను నిజంగా కదిలించింది బ్రేక్ ప్యాడ్ల కథ. బ్రేక్ నొక్కినప్పుడల్లా ప్యాడ్ల నుంచి రాగి పొడి రాలుతుంది, వాన పడగానే అది క్రీక్‌లో చేరి చేపలకీ వాటి తిండికీ విషమవుతుంది. ఏ ఊరు మాత్రం రోడ్డు మీద పోయే కార్ల బ్రేకులు మార్చగలదు? ఇక్కడి ఊళ్ళు, పర్యావరణ సంఘాలు, ప్యాడ్లు తయారుచేసే కంపెనీలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏళ్ళతరబడి పని చేస్తే 2010లో కాలిఫోర్నియా చట్టమే వచ్చింది, కొత్త ప్యాడ్లలో రాగి 2021కి 5 శాతం, 2025కి 0.5 శాతం దాటకూడదని. విడివిడిగా ఉంటే ఏ ఒక్క ఊరి వల్లా అయ్యే పని కాదు ఇది.

చీమల సంగతి కూడా ఇంతే. ఇళ్ళలో వాడే డయాజినాన్ అనే పురుగుమందు అమ్మకం 2004 చివరికల్లా ఆపేశారు, హమ్మయ్య అనుకునేలోపు జనం పైరెత్రాయిడ్ మందుల మీద పడ్డారు, అవి క్రీక్ అడుగు మట్టిలో ఉండే రొయ్యలాంటి చిన్న జీవుల్ని చంపుతున్నాయి. హార్డ్‌వేర్ షాపుల్లో అవర్ వాటర్ అవర్ వరల్డ్ అని షెల్ఫ్ మీద చిన్న ట్యాగులు కనపడితే ఆ ట్యాగున్న సరుకే కొనండి, అవి నీళ్ళకి తక్కువ హాని చేసేవి, ఇది కూడా బే ఏరియా ఏజెన్సీలు కలిసి చేసిందే. వంటింట్లో చీమలకైతే సబ్బునీళ్ళు, బెయిట్ స్టేషన్ (మందు కలిపిన ఎర ఉండే చిన్న డబ్బా) చాలు, గోడ చుట్టూ స్ప్రే కొట్టించక్కర్లేదు.

ఇక ఆ ఒక్క మార్కు ఎందుకు తీశానంటే, పర్మిట్ ఒకటే అయినా మామూలు మనిషికి గుమ్మాలు మాత్రం వేరువేరు. ఎవరో పెయింట్ బకెట్ కడిగి డ్రెయిన్‌లో పోస్తున్నారనుకోండి, ఏ ఊరి డ్రెయిన్ అయితే ఆ ఊరి నంబర్‌కి చేయాలి. రోడ్డుకి ఈ పక్క ఒక ఊరు ఆ పక్క ఇంకో ఊరు ఉండే చోట్ల ఎంతమందికి తెలుస్తుంది హద్దు ఎక్కడో? నంబర్ వెతికేలోపు పోసేవాడు పోసేసి వెళ్ళిపోతాడు. అన్ని ఊళ్ళకీ ఒక్క నంబర్, ఫోటో పెడితే సరైన ఊరికి దానంతటదే చేరేలా ఏర్పాటు ఉండాలని గట్టిగా కోరుతున్నా. మన తెలుగు సంఘాలు కూడా వీళ్ళతో మాట్లాడి తెలుగులో ఒక కరపత్రం వేయిస్తే బాగుంటుంది, ఇంటికొచ్చిన అమ్మానాన్నలకి ఇవ్వడానికి.

వాడుకోవాల్సినవి: పాత పెయింట్, పురుగుమందులు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, మోటార్ ఆయిల్ ఇవన్నీ కౌంటీ హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో ఫ్రీగా తీసుకుంటారు, అపాయింట్‌మెంట్ తప్పనిసరి, ఒకసారికి 15 గ్యాలన్లు లేదా 125 పౌండ్లకి మించి కార్లో తీసుకెళ్ళకూడదు. పాలో ఆల్టోవాళ్ళకి వాళ్ళ సిటీదే వేరే ఉంది. వాననీళ్ళు పట్టే పీపా (రెయిన్ బ్యారెల్), వాననీళ్ళు ఇంకే పల్లపు తోట (రెయిన్ గార్డెన్) పెట్టుకుంటే వ్యాలీ వాటర్ రిబేటు ఉంది, పని మొదలుపెట్టకముందే అప్లై చేయాలి. సెప్టెంబర్ మూడో శనివారం కోస్టల్ క్లీనప్ డే, క్రీకుల్లో, తీరాల్లో చెత్త ఏరే రోజు, పిల్లల్ని తీసుకుని రండి, పాత బూట్లు వేసుకోండి, క్రీక్ ఒడ్డు బాగా జారుతుంది.