మలక్‌పేట రేసులకు టిప్ కొంటున్నారా? గుర్రం గెలిచినా నాకు 600 పోయాయి

పోయిన ఆదివారం మలక్‌పేటలో నేను ఆడిన గుర్రం గెలిచింది. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే మాత్రం నష్టం. ఆ టిప్ అమ్మినాయన ఇప్పుడు వేరే గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాడని తెలిసి ఇది రాస్తున్నాను.

మా బావమరిది చేర్పించిన వాట్సాప్ గ్రూపు అది. ఒక్కో రేసుకి 'లోపలి కబురు' 2,500, ముందే కట్టాలి. మూడో రేసుకి పావుగంట ముందు గుర్రం నంబరు వచ్చింది, దాంతోపాటు టోట్ (రేసు క్లబ్బు నడిపే పందేల కౌంటర్లు) రేట్ల బోర్డు ఫోటో. మన గుర్రానికి రూపాయికి పది ఉంది. "వెయ్యికి పదివేలన్నా, అందులో నా ఫీజెంత?" అన్నాడు. పరుగెత్తుకెళ్లి వెయ్యికి విన్ టికెట్ (గుర్రం మొదటొస్తేనే డబ్బు) తీసుకున్నా.

గుర్రాలు గేట్లలోకి వెళ్తున్నాయి. బోర్డు మీద పది ఏడైంది, చూస్తుండగానే నాలుగైంది. రేసు అయ్యాక పడిన డివిడెండ్, అంటే గెలిచినవాళ్లకి ఇచ్చే చివరి రేటు, రూపాయికి 2.90. అంటే చేతికి 2,900. అందులో వెయ్యి నాదే, లాభం 1,900, టిప్పుకి కట్టింది 2,500. జీఎస్టీ సంగతి పక్కన పెట్టినా 600 పోయాయి.

నేనైతే కౌంటర్‌లో కూర్చున్నాయనతో గొడవకి దిగాను. పాపం, ఆయన తప్పేం లేదు. నా పక్కన నిలబడ్డ ఓ పెద్దాయన, ముప్పై ఏళ్లుగా వస్తున్నాడట, రేసు పుస్తకం వెనక పెన్నుతో లెక్క వేసి చూపించాడు.

టోట్‌లో మనం ఆడేది క్లబ్బుతో కాదు, తోటి ఆటగాళ్లతో. విన్ మీద అందరూ పెట్టిన డబ్బు ఒకే కుప్ప, అదే పూల్. అందులో క్లబ్బు తన వాటా తీసుకుని, మిగిలింది గెలిచిన గుర్రం మీద పెట్టినవాళ్లకి పంచుతుంది. పూల్ లక్ష అనుకోండి. లెక్క తేలిక కోసం కోత 20 శాతం అనుకుందాం, మిగిలేది 80 వేలు. మన గుర్రం మీద 8 వేలే ఉంటే రూపాయికి పది. ఇంకో 24 వేలు అదే గుర్రం మీద పడితే? పూల్ 1,24,000 అవుతుంది, కోత పోగా 99,200. దాన్ని 32 వేలతో భాగిస్తే 3.10. గుర్రం అదే, రేసు అదే.

ఆ 24 వేలు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించండి. అదే టిప్పు కొన్న ఇరవై నలుగురు తలా వెయ్యి పెడితే చాలు. మనం డబ్బిచ్చి కొన్న 'రహస్యం' మన రేటునే తినేస్తుంది. పైగా పావుగంట ముందు పూల్‌లో డబ్బే తక్కువ. ఆ ఫోటోలో రేటుకి విలువేముంది? టోట్‌లో ఖరారయ్యేది అమ్మకం ఆగాక పడే డివిడెండ్ ఒక్కటే. లైసెన్స్ ఉన్న బుకీ (సొంతంగా పందేలు కట్టించుకునేవాడు) దగ్గర సంగతి వేరు, ఆడేటప్పుడు ఒప్పుకున్న రేటే మనది.

ఈ పూల్ పద్ధతి 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ మొదలుపెట్టినదట. నూట యాభై ఏళ్ల నాటి లెక్క నాకు ఇప్పుడు తెలిసింది, అదీ 2,500 ఫీజు కట్టి.

ఇంకోటి. జీఎస్టీ పందెం మొత్తం మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40. టిప్పులమ్మేవాళ్ల లెక్కల్లో ఇది ఎక్కడా కనిపించదు.

నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. వచ్చే ఆదివారం టిప్పు 4,000, 'పది మందికే'. ఇప్పటికి ఎంతమంది కట్టారన్నా అని అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఐదు నిమిషాల్లో గ్రూపులోంచి తీసేశాడు. మా బావమరిది మాత్రం ఇంకా అందులోనే ఉన్నాడు.