నీలం కొనేవారికి 10 రెట్ల ట్రిప్లెట్ లూప్ ఎంత పనికొస్తుంది?

సిలోన్ (శ్రీలంక) నీలం రాయి కొనేముందు చేతిలో ఉండాల్సిన పరికరం ఇది: రాయిని పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం. ఒంటి కటకం ఉన్న చవక భూతద్దం అంచుల్లో లేని రంగులు చూపిస్తుంది. మూడు కటకాల ట్రిప్లెట్‌లో ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. రాయిని బాగా తుడిచి (దుమ్ము కూడా మచ్చలాగే కనిపిస్తుంది), లూప్‌ను కంటికి దగ్గరగా పట్టుకుని, రాయిని 2.5 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, పక్క నుంచి వెలుగు పట్టండి.

60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటే సన్నని రూటైల్ (రాయి లోపల ఏర్పడే ఒక ఖనిజం) సూదులు చెక్కుచెదరకుండా ఉంటే, రాయిని అధిక వేడికి గురిచేయలేదనడానికి అది బలమైన ఆనవాలు. అవి చుక్కలుగా తెగిపోతే కాల్చి ఉండవచ్చు. రంగు పట్టీలు వంపు తిరిగి, గాలి బుడగలు కూడా కనిపిస్తే అది మంటలో కరిగించి చేసిన కృత్రిమ నీలం. సహజమైనదానిలో పట్టీలు సూటిగా, కోణాలతో ఉంటాయి. బెరీలియం డిఫ్యూజన్‌ను (అధిక వేడిలో బెరీలియం మూలకాన్ని రాయిలోకి చొప్పించి రంగు మార్చడాన్ని) మాత్రం లూప్‌తో తేల్చలేం, దానికి ల్యాబ్ రిపోర్టే దిక్కు.