హెలిబోర్డ్‌లో సొంత తెలుగు లేఅవుట్: అంతా ఒక్క కీ కోసం

నేను హనుమకొండలో ఉంటూ ఒక పత్రికకు వార్తలు రాస్తాను. రాసేదంతా ఫోన్‌లోనే. హెలిబోర్డ్ అనే ఆండ్రాయిడ్ కీబోర్డ్ యాప్ ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు) అనీ, ఇంటర్నెట్ పర్మిషన్ అడగదనీ అందరూ చెప్పేదే. నేను దాన్ని వదలకపోవడానికి కారణం మాత్రం ఒక్క కీ.

'ఎక్స్‌ప్రెస్' అని మామూలుగా కొడితే క కింద స, ప, ర వత్తులన్నీ గుట్టగా పడి 'ఎక్స్ప్రెస్' అవుతుంది. వాటిని విడగొట్టేది జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కంటికి కనపడని అక్షరం. ఏ కీ ఎక్కడుండాలో నేనే రాసుకున్న లేఅవుట్‌లో అది పొల్లు పక్కనే, సరిగ్గా బొటనవేలి కింద ఉంటుంది. ఆ సుఖం రోజూ వార్తలు కొట్టేవాడికే తెలుస్తుంది.

లేఅవుట్ రాయడం తేలికే. లైనుకో కీ, ఖాళీ లైన్ వదిలితే కొత్త వరుస. 'క ఖ' అని రాస్తే క నొక్కి పట్టుకున్నప్పుడు ఖ వస్తుంది. ఆ స్పేస్‌తోనే చిక్కు కూడా: నొక్కి పట్టుకుంటే జిల్లా పేరు రావాలని 'జయశంకర్ భూపాలపల్లి' పెడితే రెండు ముక్కలై కూర్చుంది. ఇక కనపడని అక్షరాన్ని అందులో ఎక్కడ అతికించామో దేవుడికే తెలియాలి. అందుకే జేసన్ అనే ఇంకాస్త వివరమైన ఫార్మాట్‌లో రాశాను: కోడ్ 8204 (ఆ అక్షరం నంబరు), కీ మీద కనపడే లేబుల్ 'విడి'. షిఫ్ట్ నొక్కితే వేరే అక్షరం రావాలన్నా జేసన్ తప్పదు, తెలుగులో క్యాపిటల్స్ లేవు కదా.

మార్పు చేసిన ప్రతిసారీ ఒకటే వాక్యం కొట్టి చూస్తాను: 'మహబూబాబాద్‌లో ఎక్స్‌ప్రెస్ దిగిన లక్ష్మి జ్ఞాపకంగా ఋణపత్రం ఇచ్చింది.' అర్థం అడగొద్దు. ఇది తడబడకుండా వచ్చిందంటే లేఅవుట్ పాసైనట్టే.

అసలు కథ మేడారం జాతరప్పుడు జరిగింది. ములుగు నుంచి బస్సుల రద్దీ మీద వార్త పంపాను. కాసేపటికి డెస్క్ నుంచి ఫోన్: "అన్నా, ఏంది ఈ డబ్బాలు? వార్త నిండా అవే ఉన్నయి." పేజీ పెట్టే ఫాంటు పాతకాలంది, ఫోన్‌లో వాడే యూనికోడ్ కాదు. దానిలోకి మార్చే కన్వర్టర్‌కు నా 'విడి' అంటే ఏమిటో తెలియదు, కనపడ్డ చోటల్లా ఒక చదరపు డబ్బా గీసింది. ఎక్స్‌ప్రెస్‌లో డబ్బా, బస్టాండ్‌లో అన్నచోటా డబ్బా. డెడ్‌లైన్ టెన్షన్‌లో పాపం సబ్ ఎడిటర్ ఒక్కొక్కటీ చేత్తో తీశాడు.

అప్పటి నుంచి రెండు లేఅవుట్లు వాడుతున్నాను. పత్రికకు రాసేదానిలో 'విడి' కీ లేదు, విడగొట్టడమేదో డెస్క్‌లోనే చూసుకుంటున్నారు. దేనికోసం ఇంత తంటా పడ్డానో అది ఇప్పుడు వాట్సాప్‌కే పనికొస్తోంది. అయినా తీసేయబుద్ధి కాలేదు.

ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లకు హెలిబోర్డ్ వాడమని చెప్పను. వేలు ఎత్తకుండా రాసే అలవాటుంటే దానికో లైబ్రరీ ఫైల్ విడిగా ఎక్కించుకోవాలి, అదీ ఓపెన్ సోర్స్ కాదు. నాలా ఒక్కో అక్షరం కొట్టే అలవాటూ, జేసన్‌లో పోయిన కామా వెతికే ఓపికా ఉంటే చూడొచ్చు. పక్క మండలం విలేకరి అడిగితే నా ఫైల్ ఇచ్చాను. వారం తిరక్కుండానే వాయిస్ టైపింగ్‌కు వెళ్లిపోయాడు. ఆయన్ని అనలేను, సగం వార్తలు బండి ఆపుకుని రోడ్డు పక్కనే చెప్పే మనిషి.