స్కూటర్ అద్దం రాడ్‌కు బిగించే మొబైల్ హోల్డర్: పట్టు గట్టిదే కానీ...

నాలుగు మూలలా ఫోన్‌ను పట్టి ఉంచే ఈ మెటల్ హోల్డర్లు నాలుగైదు వందలకే దొరుకుతున్నాయి. ఫోన్ హెల్మెట్‌లో దోపుకుని మాట్లాడుతూ పోవడం కంటే వెయ్యి రెట్లు నయం. స్పీడ్ బ్రేకర్ల మీద కూడా ఫోన్ జారదు. మొదటి ఇబ్బంది బిగించడంలో వస్తుంది.

స్కూటర్ హ్యాండిల్ రాడ్ ప్లాస్టిక్ కవర్ కింద ఉంటుంది కాబట్టి అద్దం దగ్గర బిగించే రకమే తీసుకోవాలి. అద్దం రాడ్‌లు 8, 10 మి.మీ. సైజుల్లో ఉంటాయి, కొలిచి కొనండి. లాక్ నట్ వదులు చేసి, అద్దం విప్పి, హోల్డర్ రింగు కింద పెట్టి మళ్లీ అద్దం ఎక్కించండి. వెనక బండ్లు సరిగ్గా కనపడేలా తిప్పుకున్నాకే నట్ బిగించాలి. చాలా యమహా బండ్లకు కుడి అద్దం రివర్స్ త్రెడ్‌తో వస్తుంది, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. ఎడమ వైపు పెట్టుకుంటే ఆ తంటా ఉండదు.

ఫోన్ పెట్టేటప్పుడు గ్రిప్ పవర్ బటన్ మీద పడకుండా కాస్త పైకో కిందికో జరపండి. లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా స్క్రీన్ ఆరిపోతుంది, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఇంజిన్ అదురుకు కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. ఖరీదైన ఫోనైతే రబ్బరు డ్యాంపర్ (అదురు తగ్గించే భాగం) ఉన్న మోడల్‌కే డబ్బు పెట్టండి. మే ఎండలో మ్యాప్, ఛార్జింగ్ రెండూ నడిపితే ఫోన్ వేడెక్కి స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది.

అసలు లోపం హోల్డర్‌ది కాదు. అది చేతిని వదిలిస్తుంది, చూపును కాదు. 50 కి.మీ. వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు మ్యాప్ వైపు చూస్తే 28 మీటర్లు రోడ్డు చూడనట్టే. అందుకే చేరాల్సిన చోటు స్టాండ్ తీయకముందే టైప్ చేసి, వాయిస్ ఆన్ చేసి, డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ఫోకస్, డ్రైవింగ్ అని వెళ్తే ఎవరికి ఆటో రిప్లై పోవాలో కూడా ఎంచుకోవచ్చు. 2020 నుంచి మన మోటారు వాహన నిబంధనలు ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే ఒప్పుకుంటున్నాయి, అదీ ఏకాగ్రత చెడకుండా. హోల్డర్‌లో ఉంది కదా అని వాట్సాప్ తెరిస్తే కుదరదు.

కొనేముందు పెట్టెలో ఎలన్ కీ (ఆరు పలకల గుంత ఉన్న బోల్టు తిప్పే పనిముట్టు) ఉందో లేదో చూసుకోండి. పూర్తి ప్లాస్టిక్‌వి వద్దు, ఎండకు పెళుసెక్కి విరుగుతాయి.