మారా దె బ్వా: వాసన కోసం పెంచుకునే స్ట్రాబెర్రీ

స్ట్రాబెర్రీ మొక్క ఎలా నాటాలి, మట్టి ఎలా కలపాలి, ఎండ ఎంతసేపు తగలాలి లాంటి సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను వాటి జోలికి పోవడం లేదు. ఏ రకం పెట్టుకుంటే తిన్న తృప్తి ఉంటుందన్నదే ఇక్కడ నా మాట. కొన్నేళ్లుగా కుండీల్లో, పెరట్లో ఒక చిన్న మడిలో రకరకాల స్ట్రాబెర్రీలు పెంచుతున్నాను. తీపిలో మారా దె బ్వాను మించినవి ఉన్నాయి, సైజులో అయితే చాలానే ఉన్నాయి. వాసన దగ్గరికి వచ్చేసరికి మాత్రం, తోట రకాల్లో దీని దరిదాపుల్లోకి వచ్చినది నాకు తగల్లేదు.

కుండీ దగ్గరికి వెళ్లగానే పండు ఉందో లేదో తెలిసిపోతుంది. ఆకుల కింద ఎక్కడో దాక్కున్న పండును ముందు ముక్కు పట్టేస్తుంది, తర్వాత చెయ్యి వెతుక్కుంటుంది. గుప్పెడు పళ్లు కోసి గిన్నెలో పెడితే కాసేపటికి గదంతా ఘుమఘుమలే. మల్లెపూల బుట్ట తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. మొదటిసారి కాపు చూసిన రోజుల్లో ఇంట్లోవాళ్లు తినడం కంటే వాసన చూడటమే ఎక్కువ చేశారు.

ఈ రకాన్ని ఫ్రాన్స్‌లో జాక్ మారియొనే అనే ఆయన తయారుచేశారు. 1991లో బయటికొచ్చింది. అడవి స్ట్రాబెర్రీ రుచి గుర్తుకొచ్చేలా ఉంటుందని దీనికి పేరు. అయితే దీని వంశంలో అడవి స్ట్రాబెర్రీ లేదు, ఉన్నవన్నీ తోట రకాలే. ఆ పరిమళానికి ఒక పెద్ద కారణం మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. అడవి స్ట్రాబెర్రీల్లో ఉండే ఈ పదార్థం ఇప్పటి వాణిజ్య రకాల్లో చాలావాటిలో లేదు, ఉన్నా నామమాత్రమే. దూరం తీసుకెళ్లినా చెక్కుచెదరని కాయ, ఎక్కువ దిగుబడి, చూడగానే కొనాలనిపించే ఎరుపు. వీటి కోసం ఎంపిక చేస్తూ పోతే వాసన సంగతి వెనకబడిపోయింది. మన పెరట్లో పండు లారీ ఎక్కేది లేదు కదా. అలాంటప్పుడు లారీ ప్రయాణానికి తయారుచేసిన రకాన్నే తెచ్చి ఎందుకు పెంచుకోవాలి? ఇంటి తోటకు రకం ఎంచుకునేవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో విషయం. పండులో ఉన్న చక్కెర ఒక్కటే మనకు తీపిగా తెలియదు. వాసన బాగుంటే అంతే చక్కెర ఉన్న పండు కూడా ఇంకా తియ్యగా అనిపిస్తుంది. మారా దె బ్వా తింటూ ఉంటే ఆ మాట ఎంత నిజమో నాలుకకే తెలుస్తుంది.

ఇక ఎండల సంగతి. ఇది రోజు పొడవుతో పెద్దగా నిమిత్తం లేకుండా విడతలు విడతలుగా కాసే రకం. ఒక కాపుతో ఆగదు, మళ్లీ మళ్లీ పూస్తుంది. ఆ మాట నమ్మి కాలమంతా ఒకే రుచి ఉంటుందని అనుకుంటాం. వేడి ముదిరాక అంతా మారిపోయింది. పగటి వేడి 30 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా ఉక్కపోతగా ఉన్న ఆ వారాల్లో ముందు పూత తగ్గింది. అప్పటికే నిలిచిన పిందెలు మాత్రం గబగబా ఎర్రబడ్డాయి. కాయ వేలి కొస అంతే ఉంది, రంగు నిండుగానే ఉంది, నోట్లో వేసుకుంటే చప్పగా ఉంది. వాసన కోసం పెంచిన మొక్కకు ఆ వాసనే లేదు! మొక్కకు ఏదో తెగులు తగిలిందేమోనని టెన్షన్ పడి ఆకులు తిరగేసి చూశాను, మొదలు దగ్గర మట్టి తవ్వి చూశాను. ఏమీ లేదు. ఆకులు పచ్చగా, వేళ్లు తెల్లగా ఉన్నాయి.

కారణం వేడే. వేడిలో పండు త్వరగా పక్వానికి వచ్చేస్తుంది, చక్కెర చేరడానికి వ్యవధి చాలదు. పైగా రాత్రి వెచ్చగా ఉంటే మొక్క పగలు సంపాదించుకున్నదాన్ని తన శ్వాసక్రియకే ఖర్చు చేసుకుంటుంది. పండు వంతుకు మిగిలేది తక్కువ. మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోటికి కుండీలు జరిపాను, మట్టి మీద ఎండుగడ్డి మందంగా పరిచాను. మొక్కలైతే నిలదొక్కుకున్నాయి కానీ పళ్ల రుచి అంతంతమాత్రమే.

తర్వాత రాత్రిళ్లు చల్లబడ్డాయి. కొత్త పూత వచ్చింది. పిందె పండు కావడానికి ఈసారి చాలా నిదానంగా సాగింది, ఎప్పుడు ఎర్రబడుతుందా అని ఓపిక నశించేంత నిదానంగా. ఆ పండు కోసి కొరికినప్పుడు మొదటి కాపు వాసన కూడా దీని ముందు తేలిపోయింది. పండు లోపలిదాకా ఎరుపు, ముదురు తీపి వెనకే సన్నటి పులుపు, మింగేశాక కూడా ముక్కులో నిలిచిపోయే ఆ పరిమళం. పగలు ఎండ, రాత్రి చలి ఉన్న కాలంలో స్ట్రాబెర్రీ బాగుంటుందని వినడం వేరు, అదే మొక్క మీద రెండు రకాల పళ్లూ తిని తెలుసుకోవడం వేరు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే "కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోండి" అనడం లేదు. ముందు మీ దగ్గర రాత్రిళ్లు ఎంత చల్లగా ఉంటాయని అడుగుతున్నాను.

ఇంకో ఇబ్బంది పండు మెత్తదనం. కోసేటప్పుడు బొటనవేలు కాస్త గట్టిగా తగిలినా అక్కడ నొక్కు పడుతుంది, సాయంత్రానికి అక్కడే నీరు కారుతుంది. పండును పట్టుకోకుండా తొడిమ పైన కాడను గోటితో తుంచాలి. తెల్లారే కోసి ఆ పూటే తినేయాలి. ఫ్రిజ్‌లో పెడితే వాసన అణిగిపోతుంది, తీసి కాసేపు బయట ఉంచితే కొంత తేరుకుంటుంది కానీ పూర్తిగా కాదు. వాన పట్టిందంటే, నేలకు తాకిన పళ్లకు బూడిదరంగు బూజు రావడానికి ఎంతోసేపు పట్టదు.

పోల్చి చూడటానికి పక్కన ఆల్బియన్ కూడా ఉంచాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తెచ్చిన రకం ఇది. గట్టి కాయ, పెద్ద కాయ. దీనికి వాసన లేదని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఎర్రబడగానే కోస్తే నిజంగానే అంతే. తొడిమ కింది తెల్ల అంచు కూడా పోయి, ఎరుపు బాగా ముదిరేదాకా చెట్టునే ఉంచితే మంచి తీపి పండే. స్ట్రాబెర్రీ కోశాక ఇక తీపెక్కదు కాబట్టి ఏ రకానికైనా ఈ ఓపిక తప్పదు. ఆల్బియన్‌కు మరీను.

అడవి స్ట్రాబెర్రీ జాతికి చెందిన ఆల్పైన్ రకాలూ వేశాను. వాసన అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ పండు గోరంత. నలుగురున్న ఇంట్లో తలా రెండు వచ్చేసరికి గిన్నె ఖాళీ. విత్తనాలతో పెంచుకోవచ్చన్నది వాటిలో సుఖం. మారా దె బ్వాకు ఆ వీలు లేదు. విత్తనం వేస్తే తల్లి గుణాలు రావు, తీగలకు వచ్చే పిల్ల మొక్కలతోనే పెంచాలి. ఈ పేరు రాసి విత్తనాల పొట్లం అమ్ముతుంటే కొనకండి.

నా మటుకు నాకు మారా దె బ్వా కుండీలే ఎక్కువ, ఆల్బియన్ కొన్ని. నేను రోజూ పొద్దున్నే ఇంట్లోనే ఉంటాను, కోసింది కోసినట్టు తినేసే ఇల్లు మాది, జామ్ చేసే అలవాటు లేదు. పిల్లల డబ్బాల్లో పెట్టి పంపాలన్నా, వారానికోసారి మాత్రమే తోటలోకి దిగే తీరిక ఉన్నా ఆల్బియనే మేలు. ఎండలు ముదిరే చోట ఉండేవాళ్లు మారా దె బ్వాను మొదట రెండు కుండీల్లో వేసి, చల్లటి నెలల కాపు రుచి చూశాకే మిగతా చోటు దానికి ఇవ్వండి.